చెప్పరాని కథను చెప్పుకొందాం

(రాజురాలో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగపాఠం)



ఈ సాయంత్రం నన్ను భాషాహక్కుల గురించి మాట్లాడమన్నారు. నేను ఒక కథ గురించి మాట్లాడతానన్నాను. పిలిచినవారు కొంచెం సందేహించారు. హక్కులు, అర్జీలు, అధికరణాలు వదిలిపెట్టి నాలుగున్నర శతాబ్దాల నాటి ప్రబంధం దగ్గరికి పోవటమేమిటని వారి సందేహం. అధికరణాల సంగతి కూడా వస్తుంది, తొందర లేదు. ముందు కథ.

ఆ కథ పేరు కళాపూర్ణోదయం. రాసినవాడు పింగళి సూరన, పదహారవ శతాబ్దపు కవి. నంద్యాల కృష్ణమరాజుకు అంకితమిచ్చిన ఎనిమిది ఆశ్వాసాల పద్యకావ్యం ఇది. పురాణం నుంచి కథ తెచ్చుకొని పెంచి రాయటమే వాడుకగా ఉన్న కాలంలో, పేరు పేరునా పాత్రలను తానే పుట్టించి, అల్లికంతా తానే అల్లిన కల్పన. ఇదే సూరన రాఘవపాండవీయం కూడా రాశాడు. అందులో ప్రతి పద్యానికీ రెండర్థాలు, ఒకవైపు రామాయణం, మరోవైపు భారతం. ఇంట్లో ఒక నుడి, గడప దాటితే మరో నుడిగా బతికే మనబోటి సరిహద్దువాళ్లం ఆ సంగతి విని నవ్వుకోవచ్చు. మన బతుకే ఒక ద్వ్యర్థి కావ్యం. అయితే ఈ రోజు మన పని దానితో కాదు.

కళాపూర్ణోదయాన్ని నేను మూడుసార్లు చదివాను. మొదటిసారి పరీక్ష కోసం. అప్పుడు దానిని చదివానని చెప్పటం అబద్ధమే అవుతుంది. కొన్ని పద్యాలకు ప్రతిపదార్థం, అలంకారం పేరు, సందర్భం. కథ ఏమిటో తెలియకుండానే ఉత్తీర్ణుణ్ణయ్యాను. రెండవసారి నడివయసులో, కట్టమంచి రామలింగారెడ్డిగారి కవిత్వతత్త్వవిచారము చదివిన తరువాత. 1914లో వెలువడిన ఆ పుస్తకంలో ఆయన మన ప్రబంధాల వర్ణనల బరువును కఠినంగానే విమర్శించారు. సూరన కథ కట్టిన తీరును మాత్రం ఎంతో మెచ్చుకొన్నారు. ఆ మెప్పు చూసి మళ్లీ తెరిచాను. అప్పుడు కథ దొరికింది. మూడవసారి ఇక్కడ, ఈ రాజురాలో, మా మనుమడి కోసం. వాడికి తెలుగు అర్థమవుతుంది, చదవటం రాదు. ఈ మూడవ చదువు గురించే మీతో నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను.

కథను క్లుప్తంగా చెప్పమంటే చెప్పలేను. క్లుప్తంగా చెప్పగలిగితే అది కళాపూర్ణోదయం కాదు. కొన్ని చోట్లు మాత్రం చూపిస్తాను.

ద్వారకలో కలభాషిణి అనే వేశ్యాకన్య చెలులతో కలిసి ఉయ్యాల ఊగుతూ ఉంటుంది. పైన ఆకాశంలో రంభా నలకూబరుల విమానం సాగిపోతూ ఉంటుంది. నారదుడు ఉన్నాడు, ఆయన శిష్యుడు మణికంధరుడు ఉన్నాడు. నారదుడికి తుంబురుడి మీద పోటీ. ఎన్నేళ్లు గడిచినా చల్లారని పోటీ అది. ఆ పట్టుదలతో శ్రీకృష్ణుని అంతఃపురంలో, ఆయన భార్యల దగ్గర సంగీతం నేర్చుకొంటాడు. దేవర్షికి ఇల్లాళ్లు గురువులు కావటం చూడండి. రంభకు తన అందం మీద ఉన్న అతిశయం, నలకూబరుడి మీద కలభాషిణికి పుట్టిన మోహం, తపస్సు చేసిన మణికంధరుడి భంగపాటు, ఇవన్నీ కలిసి ఒక వింత ముడి పడుతుంది. మణికంధరుడు నలకూబరుడి రూపం ధరిస్తాడు. కలభాషిణి రంభ రూపం ధరిస్తుంది. ఆమె తనకు దొరికినవాడు నలకూబరుడే అనుకొంటుంది, అతడు తనకు దొరికినది రంభే అనుకొంటాడు. అంతలో అసలు రంభ వస్తుంది. ఇద్దరు రంభలు ఎదురెదురుగా నిలబడి, నేను నిజం, నీవు మాయ అని కలహించుకొంటారు.

ఇక్కడ మావాడు అడిగాడు, 'మగ కాయ్ ఝాలం?' అని. నేను చెబుతున్నది తెలుగు, వాడు అడుగుతున్నది మరాఠీ. ఆ ప్రశ్న విని మొదట నాకు చిన్న ముల్లు గుచ్చుకొన్నట్టయింది. తరువాత ఆలోచిస్తే ముల్లు కాదనిపించింది. తరువాత ఏమైందని అడిగాడంటే కథ చేరిందన్నమాట. ఏ నుడిలో అడిగాడన్నది రెండవ సంగతి.

షేక్స్పియర్ రాసిన పోలికల తికమక నాటకంతో ఈ ఘట్టాన్ని పోల్చటం మన విమర్శకులకు చాలా కాలంగా అలవాటు. ఆ ఆంగ్లకవి నాటకం పదహారవ శతాబ్దం చివరి దశాబ్దంలోనిది. సూరనది అంతకంటె ముందుదే. అయితే ఎవరు ముందన్న పందెం నాకు అంత ముఖ్యం కాదు. ఆ నాటకంలో పోలికకు కారణం కవల పుట్టుక. సూరన కథలో కారణం కోరిక. ఎవరు ఎవరిని కోరుకొన్నారో వారి రూపానికి తగిన రూపం తాము తొడుక్కొన్నారు. రూపం దొరికింది, మనిషి దొరకలేదు. ఇరవై ఏళ్ల వయసులో చదివితే ఇది వినోదం. ముదిమిలో చదివితే వేరుగా వినిపిస్తుంది.

ఇంకొక చోటికి పోదాం. మణిస్తంభుడనే సిద్ధుడు సింహవాహనం మీద ఆకాశమార్గాన కలభాషిణిని తీసుకొనిపోయి అమ్మవారికి బలి ఇవ్వబోతాడు. ఆ గుడి దగ్గర సుముఖాసత్తి అనే వృద్ధురాలు ఉంటుంది. భయపెట్టే కథలాగా మొదలైనది కాస్తా, ఆ ఇద్దరి వెనుకటి కథ తెలిసేసరికి దాంపత్యకథగా మారిపోతుంది. ఆ సిద్ధుడి అసలు పేరు శాలీనుడు, ఆ ముసలామె అసలు పేరు సుగాత్రి. ఒకప్పుడు కాశ్మీరంలో శారదాదేవి గుడి దగ్గర కాపురం పెట్టిన ఆలుమగలు.

సుగాత్రీ శాలీనుల కథ ఈ పుస్తకంలో నాకు అన్నిటికంటె ఇష్టమైనది. అందుకని కాసేపు ఇక్కడ ఆగుతాను. శాలీనుడు పేరుకు తగినవాడు, బిడియస్తుడు. పెళ్లయిన తరువాత సుగాత్రిని ఒళ్లంతా నగలతో సింగారించి గదిలోకి పంపుతారు. అతడు కన్నెత్తి చూడడు. మరునాడూ అంతే. నగలు పెరిగినకొద్దీ అతడు దూరమవుతాడు. ఇంట్లో తల్లికి కోపం, ఊళ్లో గుసగుసలు. అతడు మాత్రం పగలంతా పూలతోటలో పని చేస్తుంటాడు. ఒక రోజు ఆమె నగలన్నీ తీసిపెట్టి, సాదా కట్టుతో, పని చేసే మనిషిగా తోటలోకి వచ్చి అతడితో పాటు పనికి దిగుతుంది. చెమట పట్టిన ఆ ముఖాన్ని చూసి అతడి మనసు కదులుతుంది. ఆనాటి కావ్యాలలో నాయికకు నగలు తొడగటానికి పుటలు పుటలు ఖర్చవుతుంటే, ఈ కవి నగలు తీయించి ప్రేమ పుట్టించాడు. బొగ్గుగనిలో, సిమెంటు కర్మాగారంలో, పత్తిచేలో పని చేసి వచ్చిన ఆలుమగలున్న ఈ సభకు నేను దీనిని వివరించనక్కరలేదు.

ఆ ఆలుమగలే తరువాత, ఆడది మగవాడై, మగవాడు ఆడదై, ఒక బిడ్డను కంటారు. ఆ బిడ్డే కళాపూర్ణుడు. అతడిని మోసి కన్నది తండ్రి కావలసినవాడు. ఇది విని మావాడు నవ్వి నవ్వి మంచం మీద దొర్లాడు. ఇలాంటివి పిల్లలకు చెప్పవచ్చునా అని నన్ను ఒక మిత్రుడు మందలించాడు. శృంగారఘట్టాలు ఉన్నాయి, నిజమే. పిల్లలకు చెప్పేటప్పుడు వాటిని దాటవేస్తాను. మన అమ్మమ్మలు రామాయణం చెప్పినప్పుడూ ఎన్నో దాటవేశారు. కాని వింతను మాత్రం దాటవేయను. పిల్లలను కూర్చోబెట్టేది ఆ వింతే.

ఇప్పుడు అసలు చోటికి వస్తున్నాను. ఈ కథంతా ఎక్కడ పుట్టింది? సత్యలోకంలో. బ్రహ్మ, సరస్వతి ఏకాంతంగా ఉన్న ఒక వేళ, ఆయన ఆమెకు ఒక కథ చెబుతాడు. ఆ కథలోని మనుషులు అప్పటికి పుట్టలేదు. వారి పేర్లు, వారి ఊళ్లు, ఆ ఆలుమగల సరసపు క్షణంలోని చిన్న చిన్న కదలికల నుంచి అల్లిన రూపకాలు. చెప్పినవాడు బ్రహ్మ కనుక చెప్పినదంతా భూమిమీద జరిగి తీరుతుంది. ముందు కథ, తరువాత మనుషులు! దీనిని వెల్చేరు నారాయణరావుగారు, డేవిడ్ షుల్మన్‌గారు కలిసి ఆంగ్లంలోకి అనువదించారు. 2002లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించింది. వారు దీనిని నవల అనే పిలిచారు, ఉపశీర్షికలో ఎన్నడూ చెప్పరాని కథ అన్నారు.

ఎందుకు చెప్పరానిది? ఆ కథ తెలిసిన దివ్యులు దానిని నోటివెంట రానివ్వటానికి జంకుతారు. కళాపూర్ణుడి కథను చెప్పినవారు పుత్రపౌత్రులతో, సిరిసంపదలతో భూలోకంలో వర్ధిల్లుతారని బ్రహ్మ మాట. దేవతలకు అది శాపం. ఎవరు దిగివస్తారు ఈ దుమ్ములోకి? మేఘాల మీద తిరిగేవారికి కొడుకులు, మనుమలు, ఇల్లు, వాకిలి అంటే భయం. అందుకని కథ తెలిసీ పెదవి విప్పరు.

మొదటి రెండుసార్లు చదివినప్పుడు ఇది నాకు కథ నడపటానికి కవి వేసిన ఎత్తుగడగా మాత్రమే కనిపించింది. రాజురాలో చదివినప్పుడు చేతిలో పుస్తకం మూసి కొంతసేపు ఊరకే కూర్చొన్నాను. దేవతలకు శాపమైనది మనకు వరం కదా! పుత్రపౌత్రులతో భూమిమీద ఉండటం కంటె మనం కోరేది ఏముంది? మరి మనం ఎందుకు చెప్పటం మానుకొన్నాం? ఏ దేవలోకం పోతుందని?

మనం ఉన్న చోటు సంగతి ఒకసారి గుర్తుచేసుకోవాలి. ఈ రాజురా తాలూకా నిజాం ఏలుబడిలోనూ, తరువాత హైదరాబాదు రాష్ట్రంలోనూ ఆదిలాబాదు జిల్లాలో భాగం. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో బొంబాయి రాష్ట్రంలోని నాందేడు జిల్లాకు పోయింది. 1959లో చాందా జిల్లాలో చేరింది. 1960 మే 1న మహారాష్ట్ర ఏర్పడింది. నాలుగేళ్లలో ఇల్లు కదలకుండానే జిల్లాలు, రాష్ట్రాలు మారిన ఊరు ఇది. ఆ తరం పెద్దలు బడిలో ఉర్దూ, ఇంట్లో తెలుగు, సంతలో మరాఠీ, కొండల వైపు పోతే గోండీ మాట్లాడారు. ఎవరూ వారిని భాషావేత్తలు అనలేదు. పక్కనే వర్ధానది, దాటితే బల్లార్షా, అక్కడి నుంచి కాజీపేటకు రైలు. ఈ రైలు మార్గం మీదుగా ఎన్ని కుటుంబాలు అటూ ఇటూ పనికి పోయి వచ్చాయో, అన్ని కథలూ పోయి వచ్చి ఉండాలి.

మరాఠీతో మనకు పేచీ లేదు. ఈ మాట ప్రతి సభలోనూ చెబుతాను, మళ్లీ చెబుతాను. మన పిల్లలు బడిలో మరాఠీ చదువుతారు, చక్కగా చదవాలి. ఈ విదర్భలోనే, రిద్ధపురంలో, పదమూడవ శతాబ్దంలో లీళాచరిత్ర అనే మరాఠీ వచనగ్రంథం పుట్టింది. మరాఠీ వచనానికి అది తొలి వెలుగు. ఇక్కడి పిల్లవాడు దానిని తనదిగా చెప్పుకొంటే నాకు సంతోషమే. నా బాధ అది కాదు. అదే పిల్లవాడిని నీ ఇంటి నుడిలో ఏముందిరా అని అడిగితే, మా నాయనమ్మ మాట్లాడుతుంది అని ఊరుకొంటాడు. నాయనమ్మ మాట్లాడే నుడిలో ఇద్దరు రంభలు పోట్లాడుకొన్నారని వాడికి తెలియదు. తెలియనిదాన్ని వాడు ఎందుకు కోరుకొంటాడు? కోరుకొననిదానికి హక్కు ఎక్కడిది?

అధికరణాల సంగతి ఇక్కడికి వచ్చింది. రాజురా చేతులు మారిన ఆ 1956లోనే, రాజ్యాంగానికి ఏడవ సవరణ ద్వారా 350ఎ, 350బి అధికరణాలు చేరాయి. భాషాపరంగా అల్పసంఖ్యాకులైనవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించటానికి ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలని మొదటిది చెబుతుంది. రెండవది, ఆ రక్షణలు అమలవుతున్నాయో లేదో చూసి రాష్ట్రపతికి నివేదించే ప్రత్యేకాధికారిని ఏర్పరచింది. గీతలు మార్చినవారికే గీతకు అవతల మిగిలినవారి సంగతి గుర్తుండటం ఆ సవరణలోని మంచి. మాట ప్రయత్నించాలి అన్న దగ్గర ఆగటం దానిలోని లోపం. దరఖాస్తు పెట్టేటప్పుడు ఇంతమంది పిల్లలు కోరుతున్నారు అని చూపవలసి వస్తుంది. ఆ కోరే పిల్లలు ఎక్కడి నుంచి వస్తారు? బడి పెట్టిన తరువాత కోరిక పుట్టదు. కోరిక పుట్టిన తరువాత బడి అడుగుతాం. అందుకే కథ ముందు, అర్జీ తరువాత అంటున్నాను. అర్జీ వద్దని కాదు, దానికీ నేను సంతకం పెట్టే వచ్చాను.

ఒక పెద్దాయన ఇందాక తేనీటి వేళ నన్ను అడిగారు, అక్షరాలు రాని పిల్లలకు ప్రబంధమా అని. న్యాయమైన ప్రశ్న. నేను పద్యాలతో మొదలుపెట్టలేదు. సుగాత్రి నగలు తీసిపెట్టినట్టు, ముందు సమాసాలన్నీ తీసి పక్కన పెట్టి, మా ఇంటి మాటల్లో చెప్పాను. రోజుకు ఒక ముడి. పది రోజులకు వాడు, ఇది నీవు కల్పించావా, పుస్తకంలో ఉందా అని అడిగాడు. పుస్తకం చూపించాను. ఉయ్యాల ఎక్కడుంది చూపించమన్నాడు. చూపించాను. అప్పుడు ఉ అనే అక్షరం నేర్చుకొన్నాడు. వర్ణమాల వరుసలో అ ముందు రావాలి, మావాడికి ఉ ముందు వచ్చింది. తరువాత రంభలోని ర, దానికి పక్కన సున్న. ఒక పద్యాన్ని అర్థం చెప్పకుండా చదివి వినిపించమని వాడే అడిగాడు, పాటలాగా ఉందన్నాడు. అంతవరకే. పండితుడయ్యాడని నేను చెప్పటం లేదు.

తెలుగును దేవనాగరిలో రాసి పిల్లలకు ఇద్దామని కొందరు మిత్రులు అంటున్నారు. మొదట నేను గట్టిగా కాదన్నాను. ఇప్పుడు అంత గట్టిగా అనలేను. గోడకు ఆనించిన నిచ్చెనగా వాడుకొంటే తప్పు లేదు. కాని నిచ్చెన మీదనే కాపురం పెడితే కష్టం. తెలుగులోని హ్రస్వ ఎ, హ్రస్వ ఒ ఆ లిపిలో వాడుకగా లేవు. చెరకు, కొడుకు అన్న మాటలు రాసి చూడండి, మీకే తెలుస్తుంది.

పుస్తకంలో అన్నీ నాకు నచ్చాయని కూడా అనుకోవద్దు. చివరి ఆశ్వాసాలలో దిగ్విజయం, సవతుల ఈర్ష్య వచ్చేసరికి సూరనకు మొదటి ఊపు తగ్గిందనిపిస్తుంది. ముడులన్నీ విప్పటం అయిపోయిన తరువాత రాజుగారికి పని లేక యుద్ధానికి పంపినట్టుంటుంది. అక్కడ నేను వేగంగా చెప్పుకొంటూ పోయాను. మావాడు నిద్రపోయాడు కూడా.

వాడు నిద్రపోకుండా విన్నది మాత్రం పసిపాప ఘట్టం. అది చెప్పి ముగిస్తాను. కలభాషిణి మరుజన్మలో మధురలాలస అనే పేరుతో, కళాపూర్ణుడి కొలువులోని మదాశయుడనే రాజుకు కూతురుగా పుడుతుంది. శ్రీకృష్ణుడు ఒకనాడు మణికంధరుడికి ఇచ్చిన మణిహారం చేతులు మారి మారి కళాపూర్ణుడి దగ్గరికి వస్తుంది. దానిని అతడు ఆ పసిబిడ్డ మెడలో వేయిస్తాడు. ఆ హారంలోని నాయకమణి గుండెకు తగిలినప్పుడు వెనుకటి జన్మల సంగతులన్నీ గుర్తుకు వస్తాయి. పొత్తిళ్లలోని పాప పెద్దవారిలా మాట్లాడటం మొదలుపెడుతుంది. ఇంతవరకు ఏ దివ్యుడూ చెప్పటానికి సాహసించని కథను, ఆ కథలోని రాజుకే, కొలువులోనే చెబుతుంది. మణి గుండె మీద నుంచి పక్కకు జారితే మాట ఆగిపోతుంది, పాప మళ్లీ పాపే, ఏడుపే. సరిచేసి పెడితే ఆగిన చోటి నుంచి కథ సాగుతుంది.

మావాడు మంచం మీద లేచి కూర్చొని, 'తాతా, మణి జారకుండా ఎవరైనా పట్టుకోవాలి కదా?' అన్నాడు. తెలుగులోనే అన్నాడు. ఎవరు పట్టుకొన్నారని సూరన ప్రత్యేకంగా చెప్పలేదురా అన్నాను. అయితే అమ్మ పట్టుకొని ఉంటుంది అన్నాడు.

వచ్చే ఆదివారం సాయంత్రం మా ఇంటి వరండాలో మొదటి ఆశ్వాసం నుంచి మళ్లీ మొదలుపెడుతున్నాను. పుస్తకం ఒక్కటే ఉంది, వినటానికి ఎందరు వచ్చినా సరిపోతుంది. పిల్లలను తీసుకొనిరండి. ఊ కొట్టటానికి వచ్చినవారు ఏ నుడిలో ఊ కొట్టినా అభ్యంతరం లేదు. ఉయ్యాల దగ్గర ప్రారంభించి, ఇద్దరు రంభలు ఎదురుపడే దగ్గర ఆపుతాను. తరువాత ఏమైందో ఆ రోజు చెప్పను.